పాలసీ పీజీకి ముందు కోడింగ్ ఎలా మొదలుపెట్టాలి

పబ్లిక్ పాలసీ పీజీలో చేరే ముందు నాకు మూడు నెలల ఖాళీ దొరికింది. మొదటి నెలంతా వీడియోలు చూస్తూ గడిపేశాను, సొంతంగా ఒక్క లైనూ రాయలేదు. మీరలా చేయకండి.

ముందు సిలబస్ చూసి స్టాటిస్టిక్స్ క్లాసులో డేటా లెక్కలకు ఏ కోడింగ్ టూల్ వాడతారో తెలుసుకోండి: ఆర్, పైథాన్, లేదా స్టాటా. ఆ ఒక్కదానితోనే మొదలుపెట్టండి. మొదటి రెండూ ఉచితం. స్టాటాకు లైసెన్స్ కొనాలి, యూనివర్సిటీ ఇస్తుందేమో ముందే అడగండి.

తర్వాత మీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్న ప్రశ్న ఒకటి పట్టుకోండి. నాది శిశు మరణాల రేటు. ప్రపంచ బ్యాంకు సైట్‌లో 1960 నుంచి దేశాలవారీ లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. ఆ లెక్కల సీఎస్‌వీ ఫైల్‌ను (కామాలతో విడదీసిన పట్టికను) ఆర్‌లో తెరిస్తే పైన పనికిరాని వరుసలు, ఒక్కో ఏడాదికి ఒక్కో కాలమ్, మధ్యలో బోలెడన్ని ఖాళీ గడులు. వాటిని సరిచేయడానికే వారం పట్టింది. నేను అసలు నేర్చుకున్నది ఆ వారంలోనే. ఖాళీ గడిని సున్నాగా లెక్కిస్తే సగటు తప్పుతుంది, ఆ సగటును నమ్మి రాసిన సిఫార్సు ఎవరి బిడ్డకో ఆసుపత్రి దూరం చేయొచ్చు.

రోజుకు గంట చాలు. ఏ లైను ఎందుకు రాశారో పక్కనే కామెంట్ (కంప్యూటర్ పట్టించుకోని, మన కోసం రాసుకునే వివరణ) పెట్టండి. రిగ్రెషన్ (ఒక అంశం మారితే మరొకటి ఎంత మారుతుందో అంచనా వేసే పద్ధతి) గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు, అది క్లాసులో చెబుతారు.