కొండ ప్రాంతపు పిల్లల క్యాంపులో కౌన్సిలరుగా వెళ్ళేవారికి

వేసవి సెలవుల్లో మన సంఘాలు పిల్లల కోసం నడిపే కార్యక్రమాల్లో ఎక్కువ భాగం ఊళ్ళోని చర్చి ఆవరణలో జరిగే వి.బి.ఎస్.లే (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే సెలవుల బైబిలు బడులే). పిల్లలు పొద్దున వచ్చి, పాటలు పాడి, కంఠత వాక్యం అప్పజెప్పి మధ్యాహ్నానికి ఇళ్ళకు వెళ్ళిపోతారు. అరకు, పాడేరు వైపు కొండల్లో వారం రోజులు బస చేయించి నడిపే క్యాంపు సంగతి వేరు. అక్కడ కౌన్సిలరుగా ఒప్పుకున్నవారు ఏడు రాత్రులు పది పన్నెండు మంది పిల్లల ఆకలిదప్పులకూ, నిద్రకూ, జ్వరానికీ, బెంగకూ జవాబుదారులు. యాక్షన్ సాంగ్సూ నాటికలూ చక్కగా సాధన చేసుకుని వచ్చిన యువతీయువకులు రాత్రి తొమ్మిది దాటాక ఏం చేయాలో తోచక నిలబడిపోవడం నేను ఏటా చూస్తున్నాను. అందువల్ల వేదిక మీది పని గురించి ఇక్కడ తక్కువగానూ, పడకల దగ్గరి పని గురించి ఎక్కువగానూ రాస్తున్నాను.

ఒప్పుకునే ముందే క్యాంపు డైరెక్టరును కొన్ని సంగతులు అడగడంలో మొహమాటం అక్కరలేదు. ఒక్కొక్క కౌన్సిలరుకు ఎంతమంది పిల్లలు, రాత్రిపూట డ్రైవరుతో సహా వాహనం అక్కడే ఉంటుందా, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎంత దూరం, ఫోను సిగ్నలు ఏ గట్టు మీద దొరుకుతుంది అన్నవి తెలియకుండా బయలుదేరకూడదు. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు బస చేసే క్యాంపులో ఎనిమిది మందికి ఒక పెద్ద ఉండాలి. మన దగ్గర పదిహేను మందిని అప్పగించడం మామూలే కాబట్టి, అలా అప్పగిస్తే తోడుగా మరొకరిని ఇమ్మని గట్టిగా అడగండి. ప్రతి పిల్లవాడికీ తల్లిదండ్రులు సంతకం చేసిన అనుమతి పత్రం, దానిలో వాడే మందులు, పడని ఆహారం, తిరిగి వచ్చాక ఎవరికి అప్పగించాలన్నది రాసి ఉండాలి. క్రైస్తవేతర కుటుంబాల నుంచి వచ్చే పిల్లల విషయంలో, అక్కడ ప్రార్థన, బైబిలు బోధ ఉంటాయని తల్లిదండ్రులకు ముందే స్పష్టంగా చెప్పి పత్రం తీసుకున్నారా అని కనుక్కోవడం మరీ అవసరం.

ప్రయాణంలోనే మీ పని మొదలవుతుంది. విశాఖ నుంచి కిరండూల్ ప్యాసింజరులో వెళ్తే కొత్తవలస దాటాక కొండలు వస్తాయి. ఆ మార్గంలో మొత్తం 58 సొరంగాలు ఉన్నాయి, వాటిలో చాలా భాగం అరకు చేరేలోపే తగులుతాయి. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు కేకలు వేస్తారు, ఒకరిద్దరు కిటికీలోంచి చేతులు బయటపెడతారు, పెద్దపిల్లలు తలుపు దగ్గరికి చేరతారు. కాబట్టి కౌన్సిలర్లు ఇద్దరు రెండు తలుపుల దగ్గరా కూర్చోవాలి, మిగిలినవారు వెలుతురు రాగానే తలలు లెక్కపెట్టాలి. పేర్లు పిలవడం కన్నా, బయలుదేరేటప్పుడే ఒక్కొక్కరికీ ఒక అంకె ఇచ్చి వరుసగా పలకమంటే అర నిమిషంలో లెక్క తేలుతుంది. వాళ్ళకది ఆటలా కూడా ఉంటుంది. అనంతగిరి ఘాటు మీదుగా బస్సులో వెళ్ళేవారు నిమ్మకాయలు, పాత పాలిథిన్ కవర్లు చేతికందేలా పెట్టుకోవాలి. కడుపునిండా పూరీలు పెట్టి ఘాటు ఎక్కించడం మొదటి ఏడాది మేము చేసిన తెలివితక్కువ పని.

పగటి కార్యక్రమం గురించి పెద్దగా చెప్పవలసింది లేదు, ఎందుకంటే ధ్యానం, టిఫిను, పాటలు, కథ, భోజనం, ఆటలు అన్నీ డైరెక్టరు రాసిన పట్టిక ప్రకారం నడుస్తాయి. కథ చెప్పే తీరు గురించి మాత్రం ఒక మాట. కొండ ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడతారు. మన పుస్తకాల తెలుగు, అందులోనూ బైబిలు తెలుగు, వారికి బరువుగా ఉంటుంది. ఒకసారి నేను, వంద గొర్రెల్లో తప్పిపోయిన ఒక్కదాని కోసం మిగిలినవాటిని వదిలి వెళ్ళిన కాపరి గురించి యేసు చెప్పిన కథ ఎంతో భావం పెట్టి చెప్పి ఆపగానే, మేకలు కాసే అలవాటున్న పదేళ్ళ కుర్రవాడొకడు, "మరి మిగిలిన తొంభైతొమ్మిదింటినీ ఎవరు కాసినారన్నా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వాడే, "మా ఊర్లో అయితే పక్కోడికి అప్పజెప్పి ఎతకడానికి పోతాం" అని చెప్పాడు. ఆ తరువాత పావుగంట సేపు మేక తప్పిపోతే ఎలా వెతుకుతారో పిల్లలే చెప్పారు, నేను విన్నాను, ఆ రోజు పాఠం వాళ్ళ మనసుకు పట్టినంతగా ఇంకెప్పుడూ పట్టలేదు. అందుకే కథకు కేటాయించిన సమయంలో సగం పిల్లల మాటలకు వదిలిపెట్టండి.

ఇక రాత్రి. బెంగ పగలంతా కనిపించదు. దీపాలు ఆర్పాక ఒక మూల నుంచి సన్నని ఏడుపుగా మొదలై, పట్టించుకోకపోతే గదంతా పాకుతుంది. ఏడ్చే పిల్లవాడి పక్కన కూర్చుని, ఇంట్లో ఈపాటికి ఎవరెవరు ఏం చేస్తుంటారో అడిగితే, చెబుతూ చెబుతూ నిద్రపోతాడు. "రేపు మీ అమ్మ వస్తుందిలే" అని మాత్రం అనవద్దు. నేను ఒకసారి ఆ మాట అన్నాను. మర్నాడంతా ఆ పిల్లవాడు భోజనానికి కూడా రాకుండా గేటు దగ్గర కూర్చున్నాడు, ఆ తరువాత వారం చివరిదాకా నేను చెప్పిన ఏ మాటనూ నమ్మలేదు. రాత్రిపూట ఇంటికి ఫోను చేయిస్తే బెంగ రెట్టింపవుతుంది. పొద్దున టిఫిను తరువాత చేయిస్తే అంత ఉండదు. గంట కొట్టడం, కంచాలు పంచడం లాంటి చిన్న బాధ్యత ఒకటి అప్పగిస్తే మూడో రోజుకు చాలామంది తేరుకుంటారు.

పక్క తడిపే పిల్లలు ప్రతి క్యాంపులోనూ ఒకరిద్దరు ఉంటారు, వారు భయపడేది తడికి కాదు, తోటివాళ్ళ నవ్వుకు. పడుకునే ముందు అందరినీ బాత్రూముకు పంపి, పదకొండు గంటలకు ఆ ఒకరిద్దరినీ మెల్లగా లేపి తీసుకువెళ్ళాలి. అయినా తడిస్తే తెల్లవారకముందే దుప్పటి మార్చి, తడి దుప్పటిని మీ బట్టలతో కలిపి ఉతికి ఆరేయండి. ఎవరైనా అడిగితే నీళ్ళ సీసా ఒలికిందని మీ మీద వేసుకోండి. ఇందుకోసం నేను రెండు దుప్పట్లు అదనంగా తీసుకువెళ్తాను.

నేల మీద పరుపులు వేసి పడుకోబెట్టే చోట కట్లపాము గురించి తెలిసి ఉండాలి. అది రాత్రిపూట నిద్రలో ఉన్నవారిని కాటేస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు కాబట్టి ఏదో పురుగు కుట్టిందనుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచిన పిల్లవాడికి కనురెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే వెంటనే అనుమానించాలి. కోయడం, కట్టు బిగించడం, నాటువైద్యం ఏవీ చేయకుండా, నడిపించకుండా, కదలనీయకుండా విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. 108కు ఫోను చేస్తూనే క్యాంపు వాహనాన్ని కూడా సిద్ధం చేయించడం మంచిది, ఎందుకంటే కొండదారిలో ఎవరు ముందు చేరుకుంటారో చెప్పలేం. దోమతెర అంచులను నాలుగు వైపులా పరుపు కిందికి దోపితే పాముకూ, మలేరియా దోమకూ ఒకే అడ్డు. పడుకునే ముందు ప్రతి పరుపునూ టార్చి వేసి దులపడం మీరే చేయాలి, పిల్లలకు అప్పగించకూడదు.

మే నెల మధ్యాహ్నాల్లో ఉరుములు మొదలైతే ఆట ఎంత రసపట్టులో ఉన్నా ఆపి అందరినీ పక్కా భవనంలోకి చేర్చాలి. చెట్టు కింద నిలబడనీయకూడదు. విరేచనాలు పట్టుకుంటే లీటరుకు సరిపడే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తాన్ని లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించాలి, మిగిలినది మర్నాటికి పారబోయాలి. సగం ప్యాకెట్టు గ్లాసుడు నీళ్ళలో కలిపి ఇవ్వడం చాలా చోట్ల చూశాను, అది మేలు కన్నా కీడే చేస్తుంది.

ఒక్క పిల్లవాడితో మూసిన గదిలో ఎప్పుడూ ఒంటరిగా ఉండకండి. ప్రార్థన చేయాలన్నా, మందలించాలన్నా నలుగురికీ కనిపించే అరుగు మీద కూర్చోండి. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు కొందరు ఇంతకుముందు ఎవరికీ చెప్పని సంగతులు కౌన్సిలరుకు చెబుతారు. లైంగిక వేధింపు గురించి పిల్లవాడు చెబితే, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు, గుచ్చిగుచ్చి ప్రశ్నించకూడదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి, దాచిపెట్టడం నేరం. సంఘం పరువు పోతుందని పెద్దలు సర్దిచెప్పబోయినా ఆ బాధ్యత మీ మీద నుంచి తొలగదు. 1098 బాలల సహాయ నంబరుకు కూడా చెప్పవచ్చు.

చివరి రాత్రి క్యాంప్ ఫైరు దగ్గర నాకు కొందరు డైరెక్టర్లతో ఇప్పటికీ అభిప్రాయభేదం ఉంది. అలసిపోయి, నిద్ర చాలక, మర్నాడు స్నేహితులను విడిచిపోతామన్న దిగులుతో ఉన్న పిల్లలను మంట చుట్టూ కూర్చోబెట్టి, మెల్లగా పాట పాడిస్తూ, యేసును నమ్ముకునేవారు చేతులెత్తమంటే అందరూ ఎత్తుతారు; ఆ చేతుల లెక్కను రిపోర్టులో రాసుకోవడం నాకు సమ్మతం కాదు. మాట్లాడదలచినవారు మర్నాడు పొద్దున టిఫిను తరువాత తమంతట తామే రావచ్చని చెబితే చాలు. వచ్చేవారు నలుగురే అయినా, వారు పగటి వెలుతురులో ఆలోచించుకుని వచ్చినవారు. ఇతర కుటుంబాల పిల్లల దేవతలను, పండుగలను ఎగతాళి చేసే పాట గానీ నాటిక గానీ మీ గుంపుకు ఇస్తే మర్యాదగా కాదనండి.

తిరుగు ప్రయాణంలో అంకెల లెక్క మళ్ళీ మొదలుపెట్టి, అనుమతి పత్రంలో పేరు రాసి ఉన్న మనిషికే పిల్లవాడిని అప్పగించి సంతకం తీసుకోండి. బాబాయినంటూ వేరెవరైనా వస్తే ఇంటికి ఫోను చేసి కనుక్కున్న తరువాతే పంపండి. అప్పగించేటప్పుడు ప్రతి తల్లిదండ్రులకూ ఒక చీటీ ఇవ్వడం మా అలవాటు. మూడు నాలుగు వారాల లోపు జ్వరం వస్తే పిల్లవాడు ఏజెన్సీ ప్రాంతంలో ఉండి వచ్చాడని డాక్టరుకు చెప్పి, మలేరియా రక్తపరీక్ష చేయించమని అందులో రాసి ఉంటుంది. అదే చీటీ ఒకటి మీ జేబులో కూడా పెట్టుకోండి.