అన్నం తగ్గించండి, తిన్నాక కాలవ గట్టు మీద నడవండి

పాతికేళ్లకే ఒళ్లొచ్చేసి, పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) అనో బీపీ బోర్డర్‌లో ఉందనో డాక్టర్ చెప్పగానే మన అమ్మాయిలు ముందు వెయింగ్ మెషిన్ కొంటారు. దానికన్నా టైలర్ టేపు నయం. మన ఇండియన్స్‌కి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 25 వచ్చిందంటే ఒబేసిటీ కిందే లెక్క, ఆడవాళ్లకి నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదు. పొట్ట కొవ్వు దెబ్బ రక్తనాళాల మీద కూడా పడుద్ది. నాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ వదిలితేనే నాళం వదులయ్యి రక్తం సాఫీగా వెళ్తది, తిన్నాక షుగర్ బాగా ఎగిరితే ఆ పొర కాసేపు సరిగ్గా పనిచెయ్యదు, స్పీడుగా నడిచి రక్తం జోరుగా పారితే మళ్లీ పుంజుకుంటది. అందుకే తిండీ నడకా రెండూ కలిపి పట్టాలి.

కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు ఈ అన్నం తగ్గించే పద్ధతి చెయ్యొద్దు. షుగర్‌కో బీపీకో మందులు వాడేవాళ్లు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగండి, తిండి మారితే డోసు కూడా మార్చాల్సి రావచ్చు.

ఇప్పుడు కంచం. మామూలుగా పెట్టుకునే అన్నాన్ని ఒక్కసారి కాటా మీద పెట్టి చూడండి. 100 గ్రాముల అన్నంలో 28 గ్రాముల దాకా కార్బ్స్ (పిండిపదార్థాలు) ఉంటాయి, 400 గ్రాములు తూగిందా, ఒక్క పూటకే 110 పైన అయిపోయినట్టే, రోజు మొత్తానికి 130 లోపు ఉంటేనే లో కార్బ్ అంటారు మరి! ఒకేసారి మానెయ్యకండి, నాలుగు రోజుల్లో విసుగొచ్చేస్తది. మొదటి వారం రాత్రి అన్నం సగం చెయ్యండి, తర్వాత రాత్రి పూర్తిగా తీసేసి మధ్యాహ్నం 100, 150 గ్రాముల దగ్గర ఆపండి. కూర ముందు తిని అన్నం ఆఖర్న కలుపుకోండి. చేపలకీ రొయ్యలకీ మనకేం లోటు, ఇగురు పెట్టుకోండి, వేపుడు వద్దు, పక్కన తోటకూరో బీరకాయో ఆనపకాయో దండిగా ఉండాలి. పులుసులో బెల్లం ముక్క మానెయ్యండి. పెసరట్టు తినొచ్చు గానీ ఒకటే, అదీ ఉప్మా లేకుండా. ఆయ్, పెసరట్టులో ఉప్మా లేకపోతే ఎలాగండీ అంటారేమో, ఎలాగోలా అలవాటవుద్ది. చుట్టాలింటికెళ్తే మాత్రం కష్టమే, వద్దన్నకొద్దీ వడ్డిస్తారు, కంచంలో కూర ఖాళీ అవ్వనివ్వకండి, అన్నం వెయ్యడానికి చోటుండదు. కార్బ్స్ రోజుకి 50 గ్రాముల లోపుకి దించే కీటో జోలికి సొంతంగా పోవద్దు.

మొదటి వారం ఒంట్లో నీరు దిగి తలనొప్పి, నీరసం రావచ్చు, నీళ్లూ మజ్జిగా బాగా తాగండి, నడక తేలిగ్గా పెట్టుకోండి. తర్వాత 3 నిమిషాలు స్పీడు, 3 నిమిషాలు నెమ్మది, అలా 5 సార్లు, వారానికి 5 రోజులు, అంటే 150 నిమిషాలు. స్పీడులో మాట రావాలి, పాట రాకూడదు, అదే గుర్తు. మన ఉక్కపోతకి తెల్లారగట్లే మంచిది. మోకాళ్లు నొప్పైతే స్పీడు తగ్గించి సైకిల్ తొక్కండి. భోజనం అవ్వగానే 10 నిమిషాలు మెల్లిగా తిరిగినా షుగర్ అంతగా ఎగరదు. వారానికి రెండ్రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి పుషప్స్ చెయ్యండి.

నెల తిరిగేసరికి బరువు కదల్లేదని మానెయ్యకండి, బరువు తగ్గకపోయినా నడక వల్ల నాళాలకి మేలు జరుగుద్ది. బీపీ, నడుము కొలత రాసిపెట్టుకోండి. మూడు నెలలకి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించి, ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ పెరిగితే కొబ్బరి, నెయ్యి, వేటమాంసం తగ్గించి ఆ చోట చేపలు, వేరుశెనగలు పెట్టండి.