పద్దు వెంట పడటం ఎలా: పార్లమెంటు స్థాయీ సంఘాల బడ్జెట్ పరిశీలనను పట్టుకునే పద్ధతి

ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగం ముగిసి టీవీల్లో పన్ను శ్లాబుల చర్చ సాగుతుంటే, శాఖల వారీ స్థాయీ సంఘాలు (వాడుకలో స్టాండింగ్ కమిటీలు) ఒక్కో మంత్రిత్వ శాఖ పద్దును (ఏడాదికి అది అడిగే నిధుల లెక్కను) విడిగా ముందేసుకుంటాయి. ఈ సమావేశాల్లోకి విలేకరులను రానివ్వరు, ప్రసారమూ ఉండదు. కానీ చివర్లో వచ్చే నివేదిక అందరికీ దొరుకుతుంది. శాఖ లెక్కల్లోని లోగుట్టు రాతపూర్వకంగా బయటపడేది చాలావరకు అందులోనే. ఎంపీల దగ్గర పనిచేసే సహాయకులు, విలేకరులు, ఒక పథకం డబ్బు ఎటు పోతోందో చూసే సంఘాలు దీన్ని ఎలా వాడుకోవచ్చో చూద్దాం.

కమిటీ చేతిలో ఉన్నదేమిటి, లేనిదేమిటి

1993లో 17 కమిటీలతో మొదలైన ఈ ఏర్పాటు 2004లో 24కు పెరిగింది. వీటిలో 16 లోక్‌సభ సచివాలయం కింద, 8 రాజ్యసభ సచివాలయం కింద నడుస్తాయి. ఒక్కో కమిటీలో 31 మంది ఉంటారు: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులు సభ్యులుగా ఉండకూడదు. కోరం (సమావేశం సాగడానికి కావాల్సిన కనీస హాజరు) మొత్తం సభ్యుల్లో మూడో వంతు, అంటే 11 మంది.

ఒక్క రూపాయి తగ్గించే అధికారం కూడా కమిటీకి లేదు. కోత తీర్మానం (పద్దును తగ్గించమనే ప్రతిపాదన) తరహా సూచన ఏదీ నివేదికలో ఉండకూడదని లోక్‌సభ నియమాలే చెబుతున్నాయి. నివేదికకు సలహా విలువే ఉంటుంది, ప్రభుత్వం కట్టుబడాల్సిన పని లేదు. అందుకే ‘కమిటీ ఎంత కోసింది?’ అని వెతికితే ఏమీ దొరకదు. శాఖ కార్యదర్శిని కూర్చోబెట్టి అడగడం, నోటి జవాబుతో సరిపెట్టకుండా కాగితం మీద పెట్టించడం, ఆ కాగితాన్ని ఏడాది తర్వాత మళ్లీ ముందుకు తేవడం: కమిటీ బలమంతా ఈ మూడు పనుల్లోనే ఉంది. మనం పట్టుకోవాల్సిన దారి కూడా ఇదే.

ప్రజా పద్దుల సంఘంతో దీన్ని కలిపేయకండి. అది కాగ్ (ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే ఆడిటర్) నివేదిక వచ్చాక, అంటే డబ్బు ఖర్చయిపోయాక లెక్క అడుగుతుంది. 30 మంది లోక్‌సభ సభ్యులతో ఉండే అంచనాల సంఘం తనకు నచ్చిన అంశాన్ని ఎంచుకుని లోతుగా చూస్తుంది. ఏటా ప్రతి శాఖ పద్దునూ, ఓటింగ్‌కు ముందే చూసేది స్థాయీ సంఘం ఒక్కటే.

ముందు క్యాలెండర్ గీసుకోండి

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. బడ్జెట్ చర్చ ఫిబ్రవరిలో మొదలవుతుందనుకుంటారు. అప్పటికి అంకెలు గట్టిపడిపోయి ఉంటాయి.

ఆర్థిక వ్యవహారాల శాఖలోని బడ్జెట్ విభాగం ఆగస్టు–సెప్టెంబరుల్లో బడ్జెట్ సర్క్యులర్ పంపుతుంది. దాని ప్రకారం ప్రతి శాఖ నడుస్తున్న ఏడాదికి సవరించిన అంచనాలు, వచ్చే ఏడాదికి బడ్జెట్ అంచనాలు తయారు చేసుకుంటుంది. అక్టోబరు–నవంబరుల్లో వ్యయ కార్యదర్శి అధ్యక్షతన ఒక్కో శాఖతో బేరసారాలు నడుస్తాయి. ఎవరికెంత అన్న పరిమితి ఆ తర్వాత ఖరారవుతుంది. ఫిబ్రవరి 1న మనం చూసేది ఆ బేరం ఫలితాన్ని.

బడ్జెట్‌పై సాధారణ చర్చ ముగిశాక ఉభయ సభలకు కొన్ని వారాల విరామం ఇస్తారు. కమిటీలు పద్దులు చూసేది ఆ విరామంలోనే. గడువు పొడిగించమని అడిగే వీలు నియమాల్లో లేదు. మార్చిలో సభ మళ్లీ కూడాక నివేదికలు వస్తాయి. ఆ తర్వాత కొద్ది శాఖల పద్దులపైనే చర్చ జరుగుతుంది, మిగతావన్నీ గిలెటిన్‌లో (గడువు ముగిశాక చర్చ లేకుండా ఓటుకు పెట్టే పద్ధతి) ఒక్క ఓటుతో పోతాయి. ఖజానా నుంచి డబ్బు తీయడానికి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లుతో ఆ తంతు పూర్తవుతుంది.

మార్చిలో వచ్చిన సిఫార్సులకు శాఖ 3 నెలల్లో జవాబివ్వాలి. అంటే జవాబు జూన్ ప్రాంతానికి చేతికొస్తుంది, వచ్చే ఏడాది అంచనాలు ఆగస్టు తర్వాత కదులుతాయి. ఈ మధ్యలో ఉన్న రెండు మూడు నెలలే ఒత్తిడి పెట్టడానికి పనికొచ్చే కాలం. ఫిబ్రవరిలో రాసిన వినతిపత్రం కంటే జులైలో రాసినదానికి విలువెక్కువ.

ఏ కాగితాలు దగ్గర పెట్టుకోవాలి

ఇండియాబడ్జెట్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో వ్యయ బడ్జెట్ ఉంటుంది. అందులో మీ శాఖ పద్దు తెరిస్తే నాలుగు నిలువు వరుసలు కనిపిస్తాయి: రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు, నడుస్తున్న ఏడాది బడ్జెట్ అంచనా, అదే ఏడాది సవరించిన అంచనా, రాబోయే ఏడాది అంచనా. ఒకే ఏడాదికి మూడు అంకెలూ కావాలంటే రెండు వరుస బడ్జెట్ల పుస్తకాలు తెరవక తప్పదు. ఉదాహరణకు 2024–25కి అంచనా, సవరణ 2025 ఫిబ్రవరి పుస్తకంలో ఉంటాయి, వాస్తవ ఖర్చు మాత్రం 2026 ఫిబ్రవరి పుస్తకంలో వస్తుంది.

తర్వాత శాఖ ప్రచురించే వివరణాత్మక పద్దుల పుస్తకం. ఇందులో 15 అంకెల ఖాతా సంకేతం ఉంటుంది: ప్రధాన శీర్షికకు 4, ఉప ప్రధానకు 2, చిన్న శీర్షికకు 3, ఆ కింద ఉప, వివరణ, వస్తు శీర్షికలకు రెండేసి. ప్రధాన శీర్షిక 2తోనో 3తోనో మొదలైతే రెవెన్యూ ఖర్చు (జీతాలు, నిర్వహణ లాంటివి), 4, 5 అయితే మూలధనం (ఆస్తులు సమకూర్చే ఖర్చు), 6, 7 అయితే అప్పులు. 2202 అంటే సాధారణ విద్య, 2210 అంటే వైద్యం, ప్రజారోగ్యం. ఈ ప్రధాన శీర్షికలు కేంద్రానికీ రాష్ట్రాలకూ ఒకటే. కాబట్టి ఢిల్లీ పద్దు చదవడం వస్తే అమరావతి పద్దూ హైదరాబాద్ పద్దూ చదవడం వచ్చినట్టే.

సంకేతం చివరి రెండంకెలను (వస్తు శీర్షిక, అంటే డబ్బు ఏ రకం ఖర్చుకు పోతోందో చెప్పేది) వదిలేయకండి. 31 అంటే సాధారణ గ్రాంటు, 36 అంటే జీతాలకు ఇచ్చే గ్రాంటు, 35 అంటే మూలధన ఆస్తుల కోసం ఇచ్చే గ్రాంటు. ఒక సంస్థకు ‘కేటాయింపు పెరిగింది’ అని ప్రకటించినప్పుడు పెరిగింది 36లోనా 35లోనా చూస్తే సగం కథ తెలిసిపోతుంది.

షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు చూపిన కేటాయింపులు వ్యయ వివరణ పుస్తకం (ఎక్స్‌పెండిచర్ ప్రొఫైల్) లోని 10ఏ, 10బీ పట్టికల్లో, పిల్లలవి 12లో, జెండర్ బడ్జెట్ 13లో ఉంటాయి. వీటిలోని చాలా అంకెలు మామూలు పథకాల మొత్తంలోంచి కొంత భాగాన్ని ఇటు రాసి చూపినవే, కొత్త డబ్బు కాదు.

లెక్క కట్టేటప్పుడు

ఒక పథకానికి కనీసం మూడేళ్ల వరుస రాసుకోండి. ఏ అంకెను దేనితో పోలుస్తున్నారో ప్రతిసారీ పక్కనే రాయండి. ఎందుకో ఊళ్లలో ఇంటింటికీ కుళాయి నీరిచ్చే జల్ జీవన్ మిషన్ లెక్క చూస్తే అర్థమవుతుంది.

2024–25 బడ్జెట్ అంచనా 70,163 కోట్ల రూపాయలు. సవరించిన అంచనా 22,694 కోట్లు, అంటే మొదట చెప్పినదాంట్లో 32 శాతమే. 2025–26 అంచనా 67,000 కోట్లు. ఈ 67,000ను సవరించిన అంచనాతో పోలిస్తే ‘దాదాపు మూడింతలు’ అని తాటికాయంత అక్షరాలతో వేయొచ్చు. బడ్జెట్ అంచనాతో పోలిస్తే ‘నాలుగున్నర శాతం కోత’ అవుతుంది. రెండూ అబద్ధం కాదు, రెండూ సగం నిజమే. అసలు అడగాల్సింది 70 వేల కోట్లు 22 వేలకు ఎందుకు దిగిందని. మిషన్‌కు ఆమోదించిన కాలం 2024తో ముగియడం, కేంద్ర వాటాగా అనుమతించిన దాదాపు 2.08 లక్షల కోట్లు చాలావరకు అయిపోవడం ఇందులో ప్రధానం. 2028 దాకా పొడిగిస్తామని 2025 బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. మరి ఆమోదం గడువు ముందే తెలిసినప్పుడు 70 వేల కోట్లు ఏ లెక్కన అడిగారన్నది బడ్జెట్ తయారీని తాకే ప్రశ్న.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ ఉపాధి హామీ. 2022–23లో సవరించిన అంచనా 89,400 కోట్లు. మరుసటి ఏడాది అంచనా 60,000 కోట్లే పెట్టారు. గ్రామీణాభివృద్ధి కమిటీ ఆ 29,400 కోట్ల తేడాను ప్రశ్నించింది. ‘ఇది గిరాకీని బట్టి నడిచే పథకం, అవసరమైతే అదనంగా అడుగుతాం’ అన్నది శాఖ జవాబు. చివరికి సవరించిన అంచనా 86,000 కోట్లకు చేరింది, ఖర్చు సుమారు 89 వేల కోట్లయింది. జవాబు పైకి బాగానే ఉంటుంది. కానీ ఏడాది మొదట్లో తక్కువ పెడితే, మధ్యలో డబ్బు అందని నెలల్లో కూలీల వేతన బకాయిలు పెరుగుతాయి, అవి మరుసటి ఏడాది కేటాయింపును ముందే తినేస్తాయి. కాబట్టి ఇలాంటి పథకానికి ‘ఏప్రిల్ 1 నాటికి పాత బకాయి ఎంత?’ అన్న అంకె లేకుండా కేటాయింపు గురించి మాట్లాడటం వృథా.

ఇంకో ఉచ్చు ఉంది. కేంద్ర ప్రాయోజిత పథకాల్లో (కేంద్రం, రాష్ట్రం ఖర్చు పంచుకునేవి) రాష్ట్రానికి విడుదల చేయగానే కేంద్రం పుస్తకాల్లో అది ఖర్చు కిందకే వస్తుంది. డబ్బు రాష్ట్ర నోడల్ సంస్థ (రాష్ట్రంలో ఆ పథకం డబ్బు చూసే సంస్థ) ఖాతాలో కదలకుండా ఉండొచ్చు. ‘98 శాతం ఖర్చు’ అని శాఖ చెప్పినా ఊళ్లో పని కనిపించకపోవడానికి ఇదొక కారణం. రాష్ట్ర వాటా జమైందా అన్నదీ చూడాలి. జల్ జీవన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లాంటి రాష్ట్రాలకు వాటా 50:50. కేంద్ర పద్దు పక్కన రాష్ట్ర పద్దును పెట్టకపోతే ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

మార్చి ఖర్చును విడిగా చూడండి. చివరి మూడు నెలల్లో బడ్జెట్ అంచనాలో 33 శాతానికి, ఒక్క మార్చిలో 15 శాతానికి మించకూడదన్నది ఆర్థిక శాఖ నిబంధన. ప్రభుత్వ పద్దుల నియంత్రణాధికారి నెలవారీ లెక్కలతో శాఖ స్థాయిలో దీన్ని పోల్చుకోవచ్చు.

ప్రశ్న రాసే తీరు

బడ్జెట్ రాగానే కమిటీ సచివాలయం శాఖకు ప్రశ్నల జాబితా పంపుతుంది. జవాబులు వచ్చాక కార్యదర్శి, ఆర్థిక సలహాదారు కమిటీ ముందు కూర్చుంటారు. అక్కడ చెప్పలేకపోయినవి తర్వాత రాసి పంపుతారు. సమయం బాగా తక్కువ. ఒక శాఖకు ఒకటి రెండు సమావేశాలే దొరుకుతాయి. అందుకే ప్రశ్న బిగువుగా ఉండాలి.

‘నిధులు ఎందుకు ఖర్చు కాలేదు?’ అని అడిగితే ‘రాష్ట్రాల నుంచి వినియోగ ధ్రువపత్రాలు (ఇచ్చిన డబ్బు ఖర్చయిందని రాసిచ్చే పత్రాలు) సకాలంలో అందలేదు’ అన్న అచ్చు జవాబు వస్తుంది. ఏటా అదే. దాని బదులు ఇలా అడగండి: ‘ఫలానా ఖాతా శీర్షిక కింద ఏప్రిల్ 1, డిసెంబరు 31 నాటికి రాష్ట్రాల నోడల్ ఖాతాల్లో ఉన్న నిల్వ రాష్ట్రం వారీగా ఎంత? 12 నెలల గడువు దాటిన ధ్రువపత్రాలు ఎన్ని, వాటి మొత్తమెంత? శాఖ ఆర్థిక శాఖను అడిగిందెంత, వచ్చిందెంత?’ చివరి ముక్క ముఖ్యం. అడిగినదానికీ ఇచ్చినదానికీ మధ్య తేడా బడ్జెట్ పుస్తకంలో ఉండదు. కమిటీ అడిగితేనే బయటికొస్తుంది.

మీరు సభ్యుడికి పంపే నోట్ ఒక పేజీ దాటనివ్వకండి. శీర్షిక సంకేతం, మూడేళ్ల అంకెలు, ఒక ప్రశ్న, అది ఎందుకు అడుగుతున్నారో రెండు వాక్యాలు చాలు. జనవరి నెలాఖరులోపు చేరితే ప్రశ్నల జాబితాలోకి ఎక్కే అవకాశం ఉంటుంది.

నివేదిక చదివే వరుస

నివేదికలు సంసద్ డాట్ ఇన్‌లో ఉంటాయి. లోక్‌సభ కమిటీల నివేదికల్లో సాధారణంగా మొదటి భాగం కథనం, రెండో భాగం సిఫార్సులు. సిఫార్సులతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి: ప్రతి సిఫార్సుకు మూలమైన శాఖ జవాబును కథనంలో వెతికి పట్టుకోండి. సిఫార్సు మెత్తగా ఉండి జవాబు నీళ్లు నమిలినట్టుంటే, అక్కడ సర్దుబాటు జరిగిందని అర్థం. నివేదికలు ఏకాభిప్రాయం మీద నడుస్తాయి కాబట్టి పదును తగ్గడం మామూలే. ఒప్పుకోని సభ్యుడు అసమ్మతి నోట్ ఇస్తే దాన్ని తప్పక చదవాలి.

తర్వాతది ‘తీసుకున్న చర్యల నివేదిక’. పత్రికలు దాదాపు పట్టించుకోని ఈ కాగితంలో అయిదు అధ్యాయాలుంటాయి. రెండోది ప్రభుత్వం ఒప్పుకున్నవి, మూడోది కమిటీ ఇక వదిలేసినవి, నాలుగోది జవాబు నచ్చక కమిటీ తిప్పికొట్టినవి, అయిదోది తుది జవాబు ఇంకా రానివి. మొదటి అధ్యాయంలో కమిటీ వ్యాఖ్యలుంటాయి. రెండో అధ్యాయంలో ఎన్ని ఉన్నాయో చూసి మురిసిపోకండి. ‘సిఫార్సును గమనించాం’ అన్న జవాబు కూడా అందులోనే పడుతుంది. పని నాలుగు, అయిదు అధ్యాయాల్లో ఉంది.

స్పీకర్ ఆదేశాల్లోని 73ఏ ప్రకారం, సిఫార్సుల అమలు ఎంతవరకు వచ్చిందో సంబంధిత మంత్రి ఆరు నెలలకోసారి సభలో ప్రకటన చేయాలి. ఆ ప్రకటనలో నాలుగో అధ్యాయపు సిఫార్సుల మీద ఏం చెప్పారో సరిపోల్చండి.

తంతు ఎక్కడ తెగుతుంది

ఎన్నికల ఏడాది మొదటి సమస్య. 2024లో పూర్తి బడ్జెట్ జులై 23న వచ్చింది, కమిటీలు ఏర్పడింది సెప్టెంబరులో. పద్దులు పాసయ్యాకే కమిటీలు వాటిని చూశాయి. అలాంటి ఏడాది నివేదికను ఓటింగ్‌కు ముందు పరిశీలనగా కాకుండా వచ్చే ఏడాదికి సలహాగా చదవాలి.

గిలెటిన్ రెండోది. 2018లోనూ 2023లోనూ మొత్తం పద్దులు లోక్‌సభలో చర్చ లేకుండానే పాసయ్యాయి. అలాంటప్పుడు ఆ ఏటి పద్దుల మీద శాఖ వారీగా జరిగిన పరిశీలన అంటూ ఏదైనా మిగిలితే అది కమిటీ నివేదికలో ఉన్నదే.

మూడోది సభ్యుల పదవీకాలం. అది ఏడాదే. మార్చిలో గట్టిగా అడిగిన ఎంపీ అక్టోబరు నాటికి వేరే కమిటీకి మారిపోవచ్చు. కొత్తవారికి పాత ప్రశ్న తెలియదు, శాఖకు మాత్రం బాగా గుర్తుంటుంది. కమిటీ మళ్లీ ఏర్పడిన వారంలోనే నాలుగో అధ్యాయంలో మిగిలిన సిఫార్సులను, ఖాతా సంకేతాలతో సహా, కొత్త సభ్యులకు పంపండి. అప్పటికి వ్యయ కార్యదర్శితో శాఖ బేరం ఇంకా నడుస్తూ ఉంటుంది.