పెట్ట వీపు బోడి అవుతుంటే పుంజు సంగతి చూడండి

పెరట్లో కోళ్లు పెంచేవాళ్లు మేత, జబ్బులు, కుక్కలు, గద్దలు అన్నీ చూసుకుంటారు గానీ, పుంజు వల్ల పెట్టలు పడే బాధని మాత్రం "అది వాటి సహజం" అని వదిలేస్తారు. సహజమే. కానీ నాలుగు గోడల దొడ్లో మూడు పెట్టల మధ్య ఒక బలమైన పుంజుని వదిలితే వాటికి పారిపోవడానికి చోటెక్కడిది?

ముందు పెట్టల్ని పట్టుకుని చూడండి. చీకటి పడి గూట్లో సర్దుకున్నాక అయితే గోల చేయకుండా చేతికి వస్తాయి. పుంజు జతకట్టడానికి పెట్ట మీదికి ఎక్కేటప్పుడు ముక్కుతో తల వెనక ఈకలు పట్టుకుంటుంది, కాళ్లతో వీపు మీద నిలబడుతుంది, కాబట్టి ఆ రెండు చోట్లే ముందు బోడి అవుతాయి. ఒళ్లంతా ఈకలు రాలి, కొత్త మొలకలు కనిపిస్తుంటే అది ఈకలు మార్చుకోవడం, పుంజు తప్పు కాదు. అసలు ప్రమాదం రెక్క కింద ఉంటుంది. రెక్క ఎత్తి పక్కలు చూడండి, గోళ్లు దిగి చర్మం చీరుకుపోయినా పైనుంచి రెక్క కప్పేస్తుంది కాబట్టి బయటికి ఏమీ తెలియదు, ఈగలు వాలి పురుగు పట్టాక గానీ మనం గమనించం.

గాయం ఉంటే ఆ పెట్టని వెంటనే వేరు చేయాలి, ఎందుకంటే రక్తం కనపడితే మిగతా పెట్టలు కూడా పొడుస్తాయి. గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడిగి, పసుపు, వేపనూనె కలిపి రాయండి. లోతుగా ఉంటే పశువుల డాక్టర్ దగ్గరికే.

ఇక లెక్క. ఒక పుంజుకి ఎనిమిది నుంచి పది పెట్టలు ఉండాలి. అంతకన్నా తక్కువైతే వాటి మీదే పడుతుంది, అందులోనూ ఒక పెట్టని ఇష్టపడి దాన్నే పదే పదే తొక్కుతుంది. బరువు కూడా చూసుకోవాలి. నాలుగు కిలోలు తూగే అసీల్ పుంజుని కిలోన్నర ఊరి పెట్టల్లో వదలడం నాకు అస్సలు నచ్చదు. ఈడొచ్చిన కుర్ర పుంజులైతే ఇంకా ఘోరం, మర్యాద తెలియదు, ఒకదాని తర్వాత ఒకటి అదే పెట్ట వెంట పడతాయి. నాలుగో నెల దాటగానే వాటిని విడదీయండి.

పెట్టల సంఖ్య పెంచే స్తోమత లేకపోతే పుంజుకి వేళలు పెట్టండి. గూడు తలుపు తీయగానే పుంజు పెట్టల వెంట పడుతుంది, మళ్లీ సాయంత్రం ఆ హడావిడి ఎక్కువ. పొద్దున పెట్టల్ని ముందు వదిలి, అవి మేత తిని నీళ్లు తాగి సర్దుకునేదాకా పుంజుని గంప కింద ఉంచండి. నీడలో, నీళ్లు పెట్టి. దొడ్లో అడ్డంగా రెండు చెక్కలు, ఒక పొద, ఎక్కి కూర్చోడానికి దుంగ ఉంటే పెట్టలకి దాక్కునే చోటు దొరుకుతుంది.

పుంజు కాలి ముల్లు (కాలి వెనక కొమ్ములా పెరిగేది), గోళ్లు వాడిగా ఉంటే కొనని మాత్రం ఆకురాయితో రుద్ది మొద్దు చేయండి. మొదలుదాకా కోయొద్దు, లోపల రక్తనాళం ఉంటుంది. వీపు బోడి అయిన పెట్టకి పాత జీన్స్ ముక్కతో చిన్న జీను కుట్టి, రెక్కల చుట్టూ ఎలాస్టిక్ వేసి తొడగొచ్చు, ఈకలు మళ్లీ వచ్చేదాకా బాగా పనికొస్తుంది. దాని కింద పేలు చేరతాయి, వారానికోసారి విప్పి చూడండి.

ఇంత చేసినా మారకపోతే మొహమాటపడకుండా ఆ పుంజుని తీసేయండి. గింజ దొరికితే తను తినకుండా టుక్ టుక్ మని పెట్టల్ని పిలిచేది, ఎక్కే ముందు రెక్క దించి చుట్టూ తిరిగేది, గద్ద కనిపిస్తే ముందుగా అరిచేది, అలాంటి పుంజుని ఉంచుకోండి. గుడ్ల కోసమే పెంచుతుంటే అసలు పుంజు అక్కర్లేదు, అది లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి. పొదగేయడానికి కావాలన్నా భయం లేదు, పుంజుని విడదీశాక వారం దాకా పెట్టిన గుడ్లలో చాలావరకు పిల్లలవుతాయి, కాబట్టి వారంలో రెండు రోజులు కలిపితే చాలు.