కిల్న్‌కి ఎక్స్‌పర్ట్ సిస్టమ్ పెట్టే ముందు ఆపరేటర్ పక్కన కూర్చోండి

సిమెంట్ ప్లాంట్‌లో కిల్న్‌ని (సున్నపురాయి పొడిని కాల్చే పెద్ద తిరిగే కొలిమి) కనిపెట్టుకుని నడిపే ఎక్స్‌పర్ట్ సిస్టమ్ (అనుభవజ్ఞుల రూల్స్‌తో నిర్ణయాలు తీసుకునే సాఫ్ట్‌వేర్) పెడదామనుకుంటే, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు కంట్రోల్ రూమ్‌లో సీనియర్ ఆపరేటర్ పక్కన కొన్ని షిఫ్టులు కూర్చోండి. ఆపరేటర్ అనుభవాన్ని రూల్స్‌గా రాసే ఈ పద్ధతి పాతదే. 1970ల మధ్యలో లండన్‌లో మమ్దానీ అనే పరిశోధకుడు ఒక చిన్న ఆవిరి ఇంజిన్‌ని మామూలు మాటల్లో రాసిన రూల్స్‌తో నడిపించి చూపించారు, తర్వాత కొన్నేళ్లకే డెన్మార్క్ వాళ్లు ఆ పద్ధతిని సిమెంట్ కిల్న్ మీద పెట్టారు.

కిల్న్‌కే ఎందుకంటే, బర్నింగ్ జోన్‌లో (కిల్న్‌లో అన్నిటికన్నా వేడిగా ఉండే భాగం) మెటీరియల్ దాదాపు 1450 డిగ్రీలకు చేరాలి, ఆ వేడిని నేరుగా కొలవడం కష్టం, ల్యాబ్ నుంచి ఫ్రీ లైమ్ (కలవకుండా మిగిలిన సున్నం, సరిగా కాలిందో లేదో చెప్పేది) రిపోర్ట్ వచ్చేసరికి ఆ క్లింకర్ (కాలి గడ్డలైన సరుకు) కూలర్ దాటి వెళ్లిపోయి ఉంటుంది. అందుకే మంచి ఆపరేటర్ ఏ ఒక్క రీడింగ్‌నీ నమ్మడు. పైరోమీటర్ (దూరం నుంచి వేడి కొలిచే పరికరం) రీడింగ్ పడిపోయినా కిల్న్ మోటార్ కరెంట్, నాక్స్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు) నిలకడగా ఉన్నాయంటే, లోపల దుమ్ము అడ్డొచ్చిందేమో అని ఆగుతాడు. మీరు రాసే మొదటి రూల్స్ ఇలా సెన్సార్‌ని అనుమానించేవే కావాలి.

"ఏం చేశారు" అని అందరూ అడుగుతారు, "ఇప్పుడు ఎందుకు ఏమీ చేయలేదు" అని కూడా అడగండి, అసలు అనుభవం అక్కడే దొరుకుతుంది.

రూల్ రాసేటప్పుడు కారణం, ఆగాల్సిన టైమ్ రెండూ పక్కనే రాయండి. జోన్ చల్లబడుతోంది, ఆక్సిజన్ సరిపడా ఉంది: బొగ్గు కొంచెం పెంచాలి. చల్లబడుతోంది, ఆక్సిజన్ కూడా తక్కువ: ఇప్పుడు బొగ్గు పెంచితే సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, ఈఎస్‌పీ (పొగలోని దుమ్ముని కరెంటుతో పట్టే యంత్రం) రక్షణ కోసం ట్రిప్ అవుతుంది, కాబట్టి ముందు ఐడీ ఫ్యాన్ (కిల్న్ నుంచి పొగని లాగే ఫ్యాన్) పెంచాలి, అది అప్పటికే గరిష్ఠంలో ఉంటే ఫీడ్ (కిల్న్‌లోకి వేసే మెటీరియల్) తగ్గించాలి. ఏం మార్చినా దాని ఫలితం కనిపించేదాకా సిస్టమ్ ఆగాలి, లేకపోతే కిల్న్ ఒకసారి వేడెక్కి, ఒకసారి చల్లబడి ఊగుతూనే ఉంటుంది.

మొదట్లో సలహా మాత్రమే ఇవ్వనివ్వండి. ఆపరేటర్ కాదన్న ప్రతిసారీ కారణం రాసే వీలు పెట్టండి, వారం వారం అవి చదివి రూల్స్ దిద్దండి. సేఫ్టీ ఇంటర్‌లాక్‌లు (ప్రమాదం వస్తే యంత్రాన్ని తామే ఆపే ఏర్పాట్లు) పీఎల్‌సీలోనే (యంత్రాలను నేరుగా నడిపే కంట్రోలర్) ఉండాలి, ఈ సిస్టమ్ వాటి జోలికి పోకూడదు, ఇందులో బేరం లేదు. ఇక బొగ్గు లాట్ మారినా, గనిలో కొత్త చోటి నుంచి సున్నపురాయి తెస్తున్నా, కొన్నాళ్లు మళ్లీ సలహా మోడ్‌లోకి మార్చి, రూల్స్ అన్నీ ఆపరేటర్లతో కూర్చుని చూసుకోండి.