కొత్త ల్యాప్‌టాప్ మీకు సరిపడుతుందా? షాపులో ఇరవై నిమిషాలు, ఇంట్లో మొదటి వారం

ప్రాసెసర్, ర్యామ్, ధర చూసి ల్యాప్‌టాప్ కొనేస్తాం. మెడ పట్టేయడం, కళ్లు మండటం, ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలడం లాంటివి బాక్స్ మీద రాసి ఉండవు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి వెళ్లినా, ఇంటి దగ్గరి షోరూమ్‌కి వెళ్లినా, డిస్‌ప్లేకి పెట్టిన పీసు ముందు ఇరవై నిమిషాలు కూర్చోండి. ఆన్‌లైన్‌లో కొందామనుకున్నా అదే మోడల్‌ని ముందు ఎక్కడో ఒకచోట చేత్తో పట్టుకుని చూడాలి. ఆన్‌లైన్‌లో చాలావాటికి లోపం ఉంటేనే మార్పిడి. కీబోర్డు నచ్చలేదంటే వెనక్కి తీసుకోరు.

షాపులో నిలబడి చూస్తే ఏమీ తెలియదు, కుర్చీ అడగండి. నోట్‌ప్యాడ్ తెరిచి, మీరు రోజూ రాసే తరహా మెయిల్ ఒకటి పూర్తిగా టైప్ చేయండి. చూపంతా కీల మీదే ఉంటోందా, తప్పులు ఎక్కడ పడుతున్నాయి అన్నది గమనించండి. డిలీట్ కీ పక్కనే పవర్ బటన్ పెట్టిన మోడళ్లున్నాయి. పైకీ కిందకీ వెళ్లే బాణం కీలు సగం సైజులో ఉంటే ఎక్సెల్‌లో పనిచేసేవాళ్లకు రోజూ చికాకే. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో టైప్ చేసేవాళ్లు డీ కీని ప్రత్యేకంగా చూసుకోవాలి. పొల్లు దాని మీదే ఉంటుంది, ప్రతి ఒత్తుకీ దాన్ని నొక్కాల్సిందే. ఆ కీ బిగుసుగా ఉంటే ఎడమచేతి మధ్యవేలు సాయంత్రానికి లాగుతుంది.

15.6 అంగుళాల మోడళ్లలో చాలావాటికి నంబర్ ప్యాడ్ ఉంటుంది. ట్యాలీలో ఎంట్రీలు వేసేవాళ్లకు అది కావాలి. మిగతావాళ్లకు దండగ అనే చెప్పాలి: అక్షరాల కీలు ఎడమకు జరుగుతాయి, స్క్రీన్ మాత్రం మధ్యలోనే ఉంటుంది, గంటల తరబడి ఒళ్లు ఓ పక్కకు తిప్పి కూర్చుంటారు.

స్క్రీన్ దగ్గర తొందరపడకండి. తక్కువ ధర మోడళ్లలో 250 నిట్స్ వెలుగే ఉంటుంది. షాపు లోపల బాగానే కనిపిస్తుంది, బాల్కనీలోనో కిటికీ పక్కనో మీ ముఖమే మీకు కనిపిస్తుంది. వీలైతే పీసును అద్దాల తలుపు వైపు తిప్పమనండి. 300 నిట్స్, ఆపైన ఉంటే మేలు. స్పెసిఫికేషన్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర చూపగల రంగుల కొలత) అని ఉంటే రంగులు వెలిసినట్టుంటాయి; కోడింగ్‌కీ అకౌంట్స్‌కీ ఫరవాలేదు, ఫొటోలూ డిజైన్ పనీ చేసేవాళ్లు మాత్రం 100 శాతం ఎస్ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే) ఉన్నదే చూడాలి. తర్వాత ఏదైనా తెలుగు న్యూస్ సైట్ తెరవండి. థ, ధ మధ్య తేడా ఒక్క చుక్కే. కళ్లు చిట్లించకుండా ఆ చుక్క కనపడాలి. కనపడకపోతే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్‌ని 125 లేదా 150 శాతానికి పెంచి చూడండి. అలా పెంచితే తెరమీద పట్టే విషయం తగ్గుతుంది. అక్కడే నిలువు కాస్త ఎక్కువున్న 1920 బై 1200 స్క్రీన్, 1920 బై 1080 కన్నా నయమనిపిస్తుంది. తలనొప్పి తరచూ వచ్చేవాళ్లు వెలుగు బాగా తగ్గించి ఫోన్ కెమెరాతో స్క్రీన్‌ని చూడండి. నల్లటి చారలు పారుతూ ఉంటే తెర మినుకుతోందని అర్థం, వేరే మోడల్ చూసుకోవడం మంచిది.

బరువు గురించి ఒక్క మాట: ఛార్జర్‌తో కలిపి ఎత్తి చూడండి. మియాపూర్ నుంచి రాయదుర్గం దాకా అమీర్‌పేటలో మారుతూ మెట్రోలో నిలబడి వెళ్లేవాళ్లకు 1.4 కిలోలకీ 2.3 కిలోలకీ తేడా భుజానికి తెలుస్తుంది. గేమింగ్ మోడళ్లకైతే ఛార్జరే అర కిలో దాటుతుంది.

ప్రాసెసర్ పేర్లలో బోల్తా పడటం తేలిక. ఏఎండీ కంపెనీవి రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి. మొదటిది 4 కోర్ల (లెక్కలు చేసే భాగాలు) పాత జెన్ 2 డిజైన్, రెండోది 6 కోర్ల జెన్ 3. ఈ 7000 సిరీస్‌లో మూడో అంకె చూస్తే డిజైన్ వయసు తెలిసిపోతుంది. పేరు చివర యూ ఉంటే తక్కువ కరెంటు తాగేది, హెచ్ ఉంటే జోరుగా నడిచి వేడెక్కేది. ర్యామ్ 8 జీబీతో ఆఫీసు పని నడుస్తుంది గానీ, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు, టీమ్స్ కాల్, ఎక్సెల్ కలిసేసరికి నత్తనడకే. తర్వాత పెంచుకోవచ్చులే అనుకునేముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరవండి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ అని ఉంటే స్లాట్ ఉన్నట్టు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ర్యామ్‌ని బోర్డుకే అతికించారని అర్థం, సీటీసీలో ఎవరి దగ్గరికి తీసుకెళ్లినా పెంచడం కుదరదు. అలాంటప్పుడు మొదటే 16 జీబీ తీసుకోండి.

కొన్నాక ఇంట్లో సీల్ విప్పేటప్పుడే వీడియో తీయండి. తెల్ల, నల్ల, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు తెర నిండా పెట్టి చచ్చిన పిక్సెల్స్ ఉన్నాయేమో వెతకండి. ఆపైన మీ అసలు పనే పెట్టండి, బెంచ్‌మార్క్‌ల జోలికి పోనక్కర్లేదు. వెలుగు సగంలో ఉంచి, బ్యాటరీ మీద గంటసేపు వీడియో కాల్ నడపండి. గంటకు 20 శాతం తగ్గితే మొత్తం 5 గంటలు వస్తుందన్నమాట. 42 వాట్ అవర్ బ్యాటరీ సగటున 10 వాట్లు వాడితే నాలుగుంపావు గంటలు దాటదు, ప్రకటనలో ఎన్ని గంటలు రాసినా సరే.

వేడి పరీక్ష మన ఊళ్లో తప్పనిసరి. చాలా కంపెనీలు 35 డిగ్రీల దాకా ఉన్న గదిలోనే మెషీన్ పనిచేస్తుందని లెక్కవేస్తాయి. మే నెలలో డాబా స్లాబ్ కింద, ఏసీ లేని గదిలో ఆ గీత సులువుగా దాటిపోతుంది. మధ్యాహ్నం మీ టేబుల్ మీద గంట పనిచేసి అరచేతులు ఆనే చోటు, కీబోర్డు మధ్యభాగం తాకి చూడండి. వేడిగాలి కుడిపక్క నుంచి వస్తుంటే మౌస్ పట్టుకున్న చేతికి తగులుతుంది. పరుపు మీద పెట్టి వాడితే గాలి లోపలికి పోయే రంధ్రాలు మూసుకుపోయి ఏ మెషీన్ అయినా మందగిస్తుంది, ఆ తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు.

లోహపు బాడీ ఉన్నదాన్ని ఛార్జింగ్‌లో తాకితే జిల్లుమంటోందా? పాత ఇళ్లలో సాకెట్‌కి ఎర్తింగ్ సరిగా లేకపోతే అలా అవుతుంది. ఎర్తింగ్ ఉన్న మరో చోట మూడు పిన్నుల ప్లగ్ పెట్టి చూశాకే మార్చమని అడగండి. మెడనొప్పి కూడా అంతే, మోడల్ మారిస్తే పోదు. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకి వచ్చేలా స్టాండ్, దానికి తోడు విడి కీబోర్డు, మౌస్ కావాలి. కాబట్టి బడ్జెట్‌లో వాటికీ కాస్త పక్కన పెట్టండి.

మార్పిడి గడువు ముగిసే ముందురోజు దాకా ఆగొద్దు. బిల్లు మీది సీరియల్ నంబరు, బాక్స్ మీదిది, మెషీన్ అడుగున ఉన్నది ఒకటేనా చూసి, కంపెనీ సైట్‌లో వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో సరిచూడండి. లోపం కనిపిస్తే వీడియో తీసి మెయిల్‌లోనే ఫిర్యాదు పెట్టండి. షాపువాళ్లు దాటేస్తుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. ఇదంతా తేలేదాకా అట్టపెట్టె, లోపలి థర్మోకోల్, స్టిక్కర్లు పారేయకండి.