పట్టుచీరల మూట, నా నడుము
బరంపురంలో పట్టుచీరల కొట్టులో పరుపు మీద కూర్చుని చీరలు మడతపెట్టడం నా పని. 27 ఏళ్లకే నడుము నొప్పి పాతబడిపోయింది.

మంచం పట్టకండి, నడుము ఇంకా బిగుసుకుంటుంది. నేను అరగంటకోసారి లేచి వీధి చివరిదాకా నడిచి వస్తాను. యజమాని మొదట్లో విసుక్కున్నారు, బాధ చెప్పుకున్నాక ఒప్పుకున్నారు. అడగడానికి మొహమాటపడకండి.

మూట ఎత్తేటప్పుడు దగ్గరగా నిలబడి, మోకాళ్లు వంచి, మూటను పొట్టకు ఆనించుకుని కాళ్ల బలంతో లేవాలి. పక్కకు తిరగాలంటే నడుము మెలితిప్పకుండా పాదాలు కదపాలి. రాత్రి పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి.

పొద్దున బిగువు అరగంట దాటినా వదలక, నడిచాక తగ్గుతుంటే కీళ్లవాత నిపుణుడికి చూపించండి. మన వయసులో వచ్చే వెన్ను వాతం తరచూ అలాగే మొదలవుతుంది. తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం కనిపిస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.